చిన్నమ్మను అత్తమ్మ చేసి వెళ్ళిన మా యారాలు

మా యారాలు పోయింది. మొన్న మంగళవారం పొద్దున నేను బడికి వెళ్ళే తొందరలో టిఫిన్ డబ్బాకు మూత పెడుతుంటే, మా ఆయన ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "వదినె పోయిందంట" అన్నారు. దవాఖాన నుంచి మా బావ చేసిన ఫోను అది. నేను పొయ్యి ఆపేసి అక్కడే పీట మీద కూర్చున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. అన్నిటికన్నా ముందు మనసులోకి వచ్చిన మాట మాత్రం ఇది: పోనీలే, ఆ ఇద్దరి పెండ్లి చేసే పోయింది.

ఆ ఇద్దరూ ఆమె కన్నబిడ్డలు కారు. కొడుకుల పెండ్లిళ్ళు ఎప్పుడో అయ్యాయి. ఈ ఇద్దరు ఆమె రాసిన ప్రేమ నవలలో అబ్బాయి, అమ్మాయి. యారాలంటే మా బావగారి భార్య, మీలో కొందరు తోడికోడలు అంటారు. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పిల్లా అనేది, నా జుట్టు నెరిసిన తర్వాత కూడా.

సిద్దిపేట బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. గల్లాపెట్టె దగ్గర బావ, లోపల పేర్లు కొట్టే మిషన్ దగ్గర అక్క. పెండ్లి కోసం కొన్న బిందెల మీద, పళ్ళేల మీద పేర్లు చెక్కే పని ఆమెదే. పిల్ల పేరు, పిలగాని పేరు పక్కపక్కన చెక్కుతూ, కొనడానికి వచ్చినవాళ్ళ ముఖాలు ఓ కంట చూసేది. "గిన్నెలు ఏరేటప్పుడు పిల్ల మొఖం జూడు పిల్లా, ఆ పెండ్లి ఇష్టమా కాదా తెలిసిపోతది" అనేది. నేను లెక్కల టీచర్ని. గిన్నెకూ ఇష్టానికీ సంబంధం ఏమిటని వాదించేదాన్ని. ఆమె నవ్వి మిషన్ ఆన్ చేసేది, ఆ చప్పుడులో నా వాదన వినపడేది కాదు.

ఆమె నవల రాస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ఎవరూ అడగలేదు, అచ్చు వేస్తామని ఎవరూ రాలేదు. ఫోనులో కథలు చదివే యాప్ ఒకటి చిన్న కొడుకు చూపించాడు. చదివి చదివి ఒకరోజు, "గిది నేను గూడ చెప్త" అంది. చెప్పడమే ఆమె పద్ధతి. కూర్చుని రాసే తీరిక లేదు కాబట్టి, గిరాకీ తగ్గిన మధ్యాహ్నాలు నాకు వాయిస్ మెసేజ్‌లు పంపేది. బడి నుంచి వచ్చి టీ తాగుతూ నేను వాటిని విని, టైపు చేసి, యాప్‌లో పెట్టాలి. దుకాణంలో చెప్పిన కథ దుకాణంతో కలిసే వచ్చేది. "నువ్వు కనపడకపోతే నాకు బువ్వ గూడ సయిస్తలేదు అన్నడు పిలగాడు... ఆ మూత టైటుగనే ఉంటదమ్మా, తిప్పి చూడు... అన్నంక ఆ పిల్ల తలకాయ వంచుకున్నది." ఏది కథో ఏది బేరమో ఏరుకోవడం నా ఉద్యోగం. ఒకసారి పరాకులో, ప్రెషర్ కుక్కర్ గ్యారంటీ గురించి నాయకుడు నాయికకు వివరంగా చెప్పినట్టు పెట్టేశాను. చదివినవాళ్ళు చాలా బాగుంది, సంసారం తెలిసిన పిలగాడు అని మెచ్చుకున్నారు. ఆ మాట పట్టుకుని ఆమె నన్ను ఎన్ని రోజులు ఆటపట్టించిందో.

మొదట ఆమె అనుకున్న కథ వేరు. నాయిక హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి. అబ్బాయి వాళ్ళ పక్కింటి పిల్ల రెండో భాగంలో పెరుగు తోడు అడగడానికి గిన్నె పట్టుకుని వచ్చింది, అంతే. ఇచ్చిన తోడు తీసుకుని వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. తర్వాతి భాగంలో గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది, ఆ తర్వాత ఊరికే వచ్చింది. చూస్తుండగానే బ్యాంకు అమ్మాయి కథలో నుంచి మాయమైంది. "నేనేం చేద్దు? వాడు ఆమె దిక్కు చూస్తనే లేడు" అంది అక్క, వాడేదో నిజంగా ఎదురింట్లో ఉన్నట్టు.

పొరపాటు జరిగింది అక్కడే, కానీ మా ఇద్దరికీ తెలియలేదు. రాయపోల్ నుంచి బిడ్డ పెండ్లికి సామాను కొనడానికి వచ్చిన ఒకామె చెప్పేదాకా తెలియలేదు. ఆమె యాప్‌లో కథ చదువుతోందట. బిందె మీద పేరు కొడుతున్న మనిషే ఆ కథ చెప్పేదని తెలిసి ఎంతో సంబరపడింది. తర్వాత కొంచెం మొహమాటపడుతూ అడిగింది.

"కథ మంచిగున్నది గని అక్కా, వరస గలుస్తలేదు గద?"

"ఏం వరస?" అంది మా యారాలు.

"మొదట్ల ఆ పిల్ల తల్లిని పిలగాడు చిన్నమ్మా చిన్నమ్మా అని పిలిచిండు. చిన్నమ్మ బిడ్డ చెల్లె గాదా?"

నేను ఆ రోజు సెలవు కాబట్టి దుకాణంలోనే ఉన్నాను. మిషన్ ఆగిపోయింది. సగం పేరు చెక్కిన బిందె ఒళ్ళో పెట్టుకుని అక్క నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. పక్కింటి పిల్ల నాయిక అవుతుందని తెలియని రోజుల్లో, వాడకట్టులో అందరం పిలుచుకున్నట్టే, ఆ అబ్బాయి చేత పక్కింటామెను చిన్నమ్మా అని పిలిపించింది. నేను టైపు చేశాను. ఆ తర్వాత పోను పోను వాడికి ఆమె చేతి బువ్వ తినిపించింది, జ్వరం వస్తే ఆమె చేతే తలకు తడిబట్ట వేయించింది. ప్రతిచోటా చిన్నమ్మే.

నా దృష్టిలో ఇది చిటికెలో అయ్యే పని. ఫోనులో చిన్నమ్మ అన్న చోటల్లా అత్తమ్మ అని మార్చేయొచ్చు. అదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"అందరు చదివిన్రు. ఇప్పుడు మారుస్తే అబద్ధం చెప్పినట్టే గద?"

"మొత్తం కథే అబద్ధం కదా అక్కా!"

"నీకు. వాళ్ళకు గాదు."

నాకు ఒళ్ళు మండింది. లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ చేయమని పిల్లలకు చెప్పేదాన్ని నేను. వాళ్ళ మధ్య రక్తసంబంధం ఏమీ లేదు, వట్టి పక్కిల్లు అని కూడా వాదించాను. దానికి ఆమె, "లేకుంటే లేకపాయె. ఇన్ని దినాలు చిన్నమ్మ అని పిలిచి, ఆమె చేతి బువ్వ తిని, ఒక్కసారే నీ బిడ్డనియ్యి అంటే ఆ తల్లికి ఎట్లుంటది? నేనే తల్లినైతే మొఖం మీద తలుపు వేస్త" అంది. అలా ఆగిన నవల ఏండ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. మధ్యలో అబ్బాయిని దుబాయి పంపి మరచిపోదామని చూసింది. మనసు ఒప్పక, నెల తిరగకుండానే సెలవు ఇప్పించి వెనక్కి పిలిపించుకుంది. పెండ్లెప్పుడు అని చదివేవాళ్ళు అడుగుతూ ఉండేవాళ్ళు. ఆ మాటలను నేను ఆమెకు చదివి వినిపించడం మానేశాను.

ఆ తర్వాత ఆమె కిడ్నీలు పాడయ్యాయి. పేర్లు కొట్టే మిషన్ వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. వారంలో సగం రోజులు డయాలసిస్‌కు పోవడం, మిగతా సగం ఆ అలసట తీర్చుకోవడం. బావ మాట తగ్గించేశాడు. ఎండాకాలం సెలవుల్లో నేను తోడు వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆటోలో వస్తూ తన చేతి మీది సూది గుర్తులు చూసుకుంటూ అంది: "నేను పోతే వాళ్ళు గోడకు ఆ పక్క ఒకలు, ఈ పక్క ఒకలు అట్లనే ఉండిపోతరు పిల్లా."

"నేను పూర్తి చేస్తాలే" అన్నాను.

"నువ్వా?" అని నవ్వింది. "నువ్వు రాస్తే పెండ్లి ఖర్చు లెక్కలు రాస్తవు."

నవ్వాను గానీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆమె చనిపోతుందన్న భయం ఒకటి, ఆ దిగులు వెంట పెట్టుకుని పోతుందన్న భయం ఇంకొకటి. రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

డయాలసిస్ గదిలో పక్క మంచం ఇబ్రహీంపూర్ నుంచి వచ్చే ఒకామెది. అక్క కన్నా పెద్దది, మాటకారి. మొదటి రోజు నుంచే మా యారాలిని చెల్లె అనేది, ఈమె ఆమెను అక్కా అనేది. మిషన్లు తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ కూరల గురించి, కోడళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు నర్సు వచ్చి అక్కను పూర్తి పేరు పెట్టి పిలిచింది. పక్క మంచం ఆమె తల ఎత్తింది.

"ఏందీ, మీ ఇంటిపేరు గదా? మా తల్లిగారిది గూడ గదే. అట్లయితే మీ ఆయన నాకు తమ్ముడయితడు. నువ్వు మరదలువి గద!"

"అయితనేమో" అంది అక్క.

"అయితనేమో ఏంది? ఇన్ని దినాల సంది చెల్లె చెల్లె అనుకుంట వస్తి, ఎంత పని జేసిన. ఇగ చెల్లె లేదు ఏం లేదు. ఏ మరదలా, నన్ను అక్కా అనకు, వదినె అను."

అక్క దిండు మీద తల ఆమె వైపు తిప్పింది. తర్వాత "వదినె" అంది. ఆమె "ఆఁ" అని పలికింది, పుట్టినప్పటి నుంచీ అదే పిలుపు అయినట్టు. వెంటనే ఆడబిడ్డ హోదా కూడా తీసుకుని, మా తమ్మునికి మంచిగ వండి పెడ్తున్నవా లేదా అని దబాయించింది. అక్కకు నవ్వు ఆగలేదు. సూది కదులుతుందని నర్సు కోప్పడ్డా ఆగలేదు. ఎన్నో నెలలుగా ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

ఇంటికి వస్తూ ఆటోలోనే, "ఫోను తియ్యి, చెప్త" అంది. పక్కనే ఉన్నాను, నేరుగా రాసుకుంటానన్నా వినలేదు, తన పద్ధతిలో ఫోనుకే చెప్పింది. అబ్బాయి ధైర్యం తెచ్చుకుని పక్కింటి గేటు తెరుస్తాడు. పిల్ల తల్లి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటుంది. వాడు "చిన్నమ్మా" అంటాడు. ఆమె తల ఎత్తదు. "చిన్నమ్మా అని వచ్చినోనికి పిల్లను ఎట్లియ్యాలె? బయటికి పో. పిలుపు మార్చుకోని రా" అంటుంది. వాడు వెనక్కి వెళ్ళి, గేటు వేసి, రోడ్డు మీద కాసేపు నిలబడి, మళ్ళీ గేటు తీస్తాడు. "అత్తమ్మా" అంటాడు. ఆమె చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి, "కూసో" అంటుంది.

ఆటో శబ్దంలో ఆమె గొంతు సగమే వినిపించింది. అయినా నాకు కళ్ళు మసకబారాయి. లెక్కల టీచర్ని, ప్రేమకథలంటే నవ్వేదాన్ని, ఆటోలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆమె మాత్రం హాయిగా వెనక్కి వాలి, "ఆ తల్లికే తెలుసు పిల్లా. నేనే ఆమెను అడుగలే" అంది.

మిగతాది వారం తిరిగేలోపు అయిపోయింది. పెండ్లి, అప్పగింతలు, గోడ పక్కకే అప్పగింతలు కాబట్టి ఎవరూ పెద్దగా ఏడవకపోవడం, అన్నీ చెప్పింది. అచ్చు పుస్తకం కూడా తెద్దామని బావే పూనుకున్నాడు, మా ఊళ్ళోనే వేయించాడు. ఆయన ఇన్నేండ్లలో ఒక్క భాగం చదవలేదు. పుస్తకం చేతికి వచ్చిన రోజు దుకాణం మూసి వచ్చి, ఆమె మంచం పక్కన నిలబడి, "గేటు కాడ మంచిగ చెప్పినవ్" అని, స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆమె పోయిందని నాకు దుఃఖం లేదని కాదు. ఉంది. కానీ సూదులు లేవు ఇక, ఆ గది లేదు, ఆ గోడకు అటూ ఇటూ ఎవరూ మిగిలి లేరు. పలకరించడానికి వచ్చినవాళ్ళు అయ్యో అంటుంటే, నా లోపల ఎక్కడో నిమ్మళంగా ఉండడం నాకే వింతగా ఉంది.

పుస్తకం వచ్చిన తర్వాతి ఆదివారం, "కోమటి చెరువు కాడికి పోయొద్దామా?" అని ఆమే అడిగింది. సాయంత్రం ఇద్దరమే వెళ్ళాం. కట్ట మీద పిల్లలు, బెలూన్లు, ఫొటోలు దిగే జంటలు, ఒకటే సందడి. బెంచీ మీద కూర్చోగానే చెప్పులు విడిచి, వాచిన పాదాలు గడ్డి మీద పెట్టింది. నేను ఊరుకోలేక, "తర్వాత ఏం చేస్తరు అక్కా వాళ్ళు? ఇంకో భాగం చెప్పొచ్చు కదా" అన్నాను.

"ఎందుకే?" అంది. "పెండ్లయినోళ్ళు. తలుపేసుకున్నరు. మనం తొంగి చూసుడు మంచిగుండదు."

నీళ్ళ మీది నుంచి గాలి వచ్చింది. ఆమె కొంగు ఎగిరి నా ముఖం మీద పడింది. తీసి ఇద్దామని తిరిగితే, బెంచీకి తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. అంత గోలలో, అంత మంది మధ్య. ఆ కొంగు అలాగే చేత్తో పట్టుకుని, లైట్లు వెలిగేదాకా నేను ఆమెను లేపలేదు.