తెగిన అంచులు

మా మేనత్త అత్తవారిది మైలవరం దగ్గర ఒకప్పుడు జమీ ఉన్న ఇల్లు. జమీ పోయి చాలా కాలమైనా ఆ ఇంట్లో ఒక పాటల పుస్తకం మిగిలింది. అత్తయ్య వాళ్ల అత్తగారి అత్తగారు మొదలుపెట్టారట. నలుగు పాటలు, మంగళహారతులు, ఇంటి మగవాళ్లు సరదాకి కట్టిన పద్యాలు, అన్నీ సిరాతో రాసినవే. మూడు తరాల ఆడవాళ్ల దస్తూరీ అందులో ఉంది. చివరిది అత్తయ్యది.

నేను విజయవాడలో తెలుగు లెక్చరర్‌ని. కుట్లు ఊడి కాగితాలు జారిపోతున్నాయని, బైండింగ్ చేయించి తెస్తానని నేనే అడిగాను. అత్తయ్య కాసేపు తటపటాయించి, "నీకు తెలియనిదేముందిలే" అంటూ పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది.

మా కాలేజీ రికార్డులు కుట్టే బైండర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పేజీలు తిరగేసి, "అంచులు బాగా నలిగిపోయాయండీ. కట్ చేస్తే నీట్‌గా వస్తుంది. కాకపోతే పక్కన ఏవో రాతలున్నాయి, ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. నేను ఫోన్‌లో మాట్లాడుతున్నాను. "కట్ చేసేయండి" అన్నాను. ఆయన మళ్లీ అడిగాడు. కానిమ్మని చేత్తో సైగ చేశాను.

వారం తర్వాత గట్టి ఎర్ర అట్టతో వచ్చిన పుస్తకాన్ని మురిసిపోతూ మైలవరం తీసుకెళ్లాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఒక పేజీ తీసి, అంచు మీద వేలుంచి ఆగిపోయింది.

"ఇక్కడ మా అత్తగారు రాసింది ఉండాలే."

అక్కడ సగానికి తెగిన అక్షరాలున్నాయి. ఏ పాట ఎవరి పెళ్లిలో పాడారో, ఎక్కడ గొంతు దించాలో, ఏది విని ఎవరు కళ్లు తుడుచుకున్నారో, అవన్నీ ఆ అంచుల్లోనే రాసుకున్నారట. నేను ఒక్క పేజీ కూడా నిదానంగా చదవలేదు.

"ఆ బైండర్ నన్నడక్కుండా కోసేశాడు అత్తయ్యా" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

అత్తయ్య పుస్తకం మూసి పక్కన పెట్టింది. గన్నవరంలో స్కూలు నడుపుతున్న ఆమె కొడుకు మాత్రం, ఇన్నాళ్లూ నా మాట మీద ఆ బైండర్‌కి ఇస్తున్న పని మానేశాడు. ఆ సంగతి నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. ఆ ఆదివారమే వెళ్లి అత్తయ్యకు జరిగింది చెప్పాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే వింది.

"పుస్తకం సంగతి తర్వాత. ముందు మీ బావకి చెప్పు. పాపం, ఆ బైండర్ పేరు పాడుచేశావు" అంది.

బావకు చెప్పాను. పని మళ్లీ ఇస్తానన్నాడు. బైండర్ దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. ఆయన సూది కింద పెట్టి, "నేనూ మూడోసారి అడగాల్సిందండీ" అన్నాడు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు సెలవు రోజుల్లో మైలవరం వెళ్తున్నాను. అత్తయ్య ఒక్కో పాట హమ్ చేసి, అంచులో ఏముండేదో గుర్తుచేసుకుని చెబుతుంది. నేను వేరే నోట్‌బుక్‌లో రాసుకుంటాను. తను రాసినవి చాలావరకు చెప్పగలుగుతోంది. వాళ్ల అత్తగారివి సగం గుర్తులేవు. సాయంత్రం నేను బయల్దేరేముందు పుస్తకం తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఇంటికి పట్టుకెళ్తానని నేను అడగలేదు, తీసుకెళ్లమని ఆమె అనలేదు.