గుంజకు మిగిలిన ముడి

నా చిన్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం బందరు కాలువ లాకుల్లో మా తాతయ్య పడవ గోడకు వేలాడింది. ఒక పక్క తాడుకు చిక్కి పైనే ఉండిపోయింది, రెండో పక్క నీళ్లతోపాటు దిగిపోయింది. నూలు బేళ్లు దొర్లి నీళ్లలో పడ్డాయి. తాతయ్య కత్తి తీసి తాడు కోసేశాడు. పడవ దభాలున కింద పడి నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తాతయ్య ఆ పడవకు సరంగు. బెజవాడలో సరుకెత్తి బందరు వైపు చేరవేసేవాడు. బడి లేనప్పుడు నన్నూ తీసుకెళ్లేవాడు. కాలువ పల్లానికి దిగేచోట లాకులుంటాయి. రెండు తలుపుల మధ్య పడవను ఆపి, నీళ్లు వదులుతూ కిందికి దించుతారు. అంతసేపూ గట్టు మీది గుంజకు తాడు ఒక్క చుట్టు తిప్పి, చేత్తో కొంచెం కొంచెంగా వదలాలి. ముడి వేయకూడదు. ఆ పని మా పడవ మీద కూలికి ఉన్న మనిషిది. నేను బాబాయ్ అనేదాన్ని. గట్టున బురదగా ఉంటే నన్ను భుజానికెత్తుకునేవాడు. ఆ రోజు గాలికి అతని చుట్ట అంటుకోలేదు. రెండు చేతులూ అడ్డం పెట్టి వెలిగించుకుందామని తాడుకు ముడేశాడు.

యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. తడిసిన బేళ్లను చూస్తూ తాతయ్య ఒక్కమాటే అన్నాడు. ‘‘ఎన్ని మగ్గాల నోట మట్టి కొట్టావురా.’’

 బాబాయ్ అందరితోపాటు నీళ్లలోకి దిగి బేళ్లన్నీ పైకి చేర్చాడు. తర్వాత చూస్తే అతను లేడు. అతని తుండుగుడ్డ పడవ అంచునే ఆరుతోంది.

నేతగాళ్ల ఊరు చేరాక తాతయ్య తలవంచుకుని నిలబడ్డాడు. ఒక ముసలమ్మ బేలు విప్పి, లోపలి నూలు చిలపలు పిండి చూసి నవ్వింది. ‘‘గంజి పెట్టే ముందు మేమెలాగూ తడిపేదేగా సరంగు గారూ. తడిపిన కూలి మాత్రం అడక్కండి.’’ బురద కడిగి, చిక్కు తీసి, ఆ నూలంతా మగ్గాలెక్కించారు.

అప్పటినుంచి ప్రతి లాకుల దగ్గరా తాతయ్య గట్టెక్కి, ఎదురుపడిన పడవవాళ్లందరికీ బాబాయ్ ఆనవాళ్లు చెప్పి, కనిపిస్తే నూలు చెడలేదని చెప్పమనేవాడు. ఒక్కోసారి ఎవరూ లేకపోయినా, ‘‘చెడలేదురా, వచ్చెయ్’’ అని కేకేసేవాడు. లోతు గోడల్లోంచి ఆ మాట తిరిగొచ్చేది. నేను పడవలో చెవులు మూసుకుని కూర్చునేదాన్ని.

కోసేయగా మిగిలిన తాడు ముక్క ముడితో సహా గుంజకే ఉండిపోయింది. లాకుల కాపరి తీసేయబోతే తాతయ్య ఒప్పుకోలేదు. ‘‘వాడు వేసిన ముడి. వాడే వచ్చి విప్పుకుంటాడు.’’

ఇన్నేళ్లలో నా ఇంట్లో పనిచేసినవాళ్ల వల్లా, పిల్లల వల్లా ఎన్నో ఒలికాయి, పగిలాయి. నోటిదాకా వచ్చిన మాటను సరుకు రేవు చేరేదాకా ఆపుకోవడం ఆ లాకుల్లోనే నేర్చుకున్నాను.

ఒక ఏడు వానలు వెలిశాక అటు వెళితే గుంజ బోసిగా ఉంది. అప్పటికి కాపరి మారాడు. కొత్తాయన తనేమీ ముట్టుకోలేదన్నాడు. తాడు చివికి రాలిపోయిందో, ఎవరైనా వచ్చి విప్పుకెళ్లారో తెలియలేదు.