బసమ్మక్క తిట్టి చూసిన కిటికీలు

సందులు పూడ్చే సిలికాన్ గొట్టం మూతి కోయగానే పుల్లటి వాసన ఒకటి గుప్పుమంటుంది. వికారాబాద్‌లోని మా కిటికీల దుకాణంలో రోజూ ఉండే వాసనే అది. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే వీపు నిటారుగా అవుతుంది, వెనక నుంచి ఎవరో తిట్టబోతున్నట్టు. తిట్టే మనిషి నిరుడే పోయింది. నా వీపుకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఆమె పేరు బసమ్మ. తాండూరులో అల్యూమినియం కిటికీల దుకాణం నడిపేది. పుట్టిల్లు సరిహద్దు అవతల కర్ణాటకలో, కాపురం ఇవతల. అందుకే బేరం తెలుగులో చేసేది, కోపం కన్నడంలో తీర్చుకునేది. డిగ్రీ పాసై పెద్దేముల్ నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన నన్ను ఆమె అడిగింది ఒకటే ప్రశ్న. "చెవులు మంచిగ ఇనిపిస్తయా?" వినిపిస్తాయన్నాను. "అయితే రేపటి సంది రా," అంది. నా మార్కుల మెమో సంచిలోంచి బయటికి రానేలేదు. ఊళ్లో నాపరాయి బండలు కోసే మిషన్లు తిరుగుతున్నా సరే, ఆమె మాట రోడ్డు అవతలికి వినిపించేది. ఊళ్లో అందరికంటే పెద్ద గొంతున్న మనిషి నిశ్శబ్దాన్ని అమ్ముకుని బతకడమేమిటని నాకు నవ్వు వచ్చేది. ఆ నవ్వును మాత్రం ఇంటికి వెళ్లాకే నవ్వేదాన్ని.

పని నేర్పడంలో ఆమెది పిసినారితనం కాదు. "అల్మీనియం సప్పుడును ఆపుతదని ఎవలన్న అంటే నమ్మకు," అని మొదటి వారంలోనే చెప్పింది. "ఆపేది సందు లేకపోవుడు. కట్టె వానకు ఉబ్బుతది, ఎండకు గుంజుకుంటది, సందు పడుతది. గిది ఎట్ల బిగిస్తే అట్లనే ఉంటది. అందుకే రబ్బరు దాన్ని గట్టిగ పట్టుకుంటది." పక్కకు జరిపే కిటికీ కంటే, తలుపులా మూసి బిగించేదే మేలని ఆమె వాదన. రోడ్డు పక్క ఇంటికైతే మందం తేడా ఉన్న రెండు అద్దాలు, మధ్యలో కాస్త ఖాళీ. "రెండు అద్దాలు ఒక్క తీరుగుంటే ఒక్క తీరు సప్పుడుకే రెండూ ఊగుతయి. తోటికోడండ్ల లెక్క వేరువేరుగ ఉండాలె," అనేది. తాళం వేసిన ఇంట్లోకి చీమ ఎలా దూరుతుందో చప్పుడు కూడా అలాగే దూరుతుందట, గాలి వెళ్లే దారి ఉంటే చాలట.

కిటికీ బిగించాక పరీక్ష పెట్టడంలో ఆమెకొక పద్ధతి ఉంది. ఇంటివాళ్లతోపాటు నన్ను లోపల కూర్చోబెట్టి, తను బయట నిలబడి తిట్టేది. మాట వినిపిస్తే నేను చెయ్యెత్తాలి. "మంచి మాటలకు గొంతు లేవదు. తిట్టు అయితే కడుపులకెల్లి వస్తది," అని ఆమె సిద్ధాంతం. ఒకసారి ఒక ఇంటాయన లోపల సోఫాలో కూర్చుని, తనను పొగుడుతున్నారనుకుని అద్దంలోంచి చిరునవ్వుతో తలాడిస్తున్నాడు. బయట బసమ్మక్క ఆయన పిసినారితనాన్ని, అలకలను, స్నానం చేయని ఆదివారాలను గల్లీ అంతటికీ వినిపిస్తోంది. ఆ వివరాలన్నీ అందించింది ఆయన భార్యే. అంతా అయ్యాక ఆమె మెల్లగా దగ్గరికొచ్చి, "అక్కా, ఇంకొక్కసారి తిట్టి చూస్తే మంచిగుంటది కదా," అంది.

అసలు సంగతి నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. బసమ్మక్కకు ఎడమవైపు నిలబడి పిలిస్తే పలికేది కాదు. పొగరనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆమె ఎడమ చేతి పక్కనే ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆమె తాపీగా జొన్నరొట్టె తింటూనే ఉంది. "అక్కా, నీకు ఇనిపియ్యదా?" అని కుడివైపుకు వెళ్లి అడిగాను. రొట్టె పక్కన పెట్టి తలుపు వైపు చూసింది. "నోరు మూసుకో పోరి. సప్పుడు రాకుంట కిటికీలు పెట్టేదానికే చెవుడని తెలిస్తే ఎవలన్న దుకాణమెక్కుతరా? గీ దుకాణం వోతే నాకు ఇంకేం లేదు." లోపల కూర్చుని వినే పని ఎప్పుడూ నాకే ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆమె కంటే నేనే ఎక్కువ భయపడ్డాను.

భయపడినట్టే అయింది. కందిపప్పు మిల్లు సేటు ఒకాయన కరణ్‌కోట వెళ్లే రోడ్డు మీద ఇల్లు కట్టాడు. ఇంటి ముందు రోజంతా సిమెంటు లారీలు. మొదటి గదికి కిటికీ పెట్టాక పరీక్షకు సిద్ధమవుతుంటే ఆయన అడ్డుపడ్డాడు. "బయట నువ్వు తిడతవ్, లోపల నీ పోరి ఇనిపియ్యలేదంటది. మీరిద్దరు ఒక్కటే. ఈపాలి పోరి తిట్టనీ, నువ్వు నా పక్కపొంటి కూసొని చెప్పు బసమ్మా." ఆమె నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. చేసేదేమీ లేక బయటికి నడిచాను.

నాకు తిట్టడం రాదు. అంత పెద్ద మనిషిని ఏమనాలో తోచక, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "సేటూ, మీ పప్పుల రాళ్లుంటయి," అని అరిచాను. అద్దంలోంచి చూస్తే బసమ్మక్క ఏమీ వినిపించలేదన్నట్టు నిబ్బరంగా తల అడ్డంగా ఊపుతోంది. సేటు లేచి వచ్చి కిటికీ తెరిచాడు. "నా పప్పుల రాళ్లెక్కడియి?"

నేను లోపలికి పరుగెత్తేసరికి ఆయన ఆమెను నిలదీస్తున్నాడు. "నాకు సాఫ్‌గ ఇనిపించింది. నా పక్కనున్న నీకు ఇనిపియ్యలేదా? నువ్వు అబద్ధమన్న ఆడుతుండాలె, నీకు చెవుడన్న ఉండాలె." లారీ హారన్ అడ్డొచ్చిందేమోనని నేను నసిగాను. బసమ్మక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. కిటికీ మూసి, గ్లాసులో నీళ్లు తీసి చెంపకు రాసుకుంది. తడి చెంపను రబ్బరు వెంట, మూలల వెంట పోనిచ్చి, కిటికీ కింద పరిచిన నాపరాయి అంచు దగ్గర ఆగింది. "ఇగో, గీడ. చెయ్యి పెట్టి చూడు, సల్లగ గాలి తాకుతది. మా కిటికీ మంచిగనే ఉన్నది." మా తాండూరు వైపు మేస్త్రీలందరూ చేసే తప్పే అది. పైన నున్నగా మెరిసే బండ అడుగున గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ముందు అంచుకు సిమెంటు పూసి అందంగా మూస్తారు, లోపలంతా బోలుగా వదిలేస్తారు.

అక్కడితో ఊరుకుంటే గండం గడిచేదే. ఆమె ఊరుకోలేదు. "అబద్ధమాడలే సేటూ. చెవుడే. ఎడమది మొత్తం వోయింది, కుడిది సగమున్నది. గిసొంటి బండలు కోసే మిషను కాడనే ఏండ్లకేండ్లు కూలి చేసిన. వోయినంక తెలిసింది చెవులంటే ఏందో. ఇంకొకలయి పోవద్దనే గీ పని పట్టిన. వద్దంటే చెప్పు, పీక్కొని పోత." ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేను ముందెప్పుడూ వినలేదు.

సేటు ఆమె ఎడమవైపు నిలబడి ఉన్నాడు. వంగి బండ అంచున చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత ఆమె వెనక నుంచి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి, "బండ కింద సందు నింపు. కడమ గదులకు గూడ నువ్వే పెట్టు," అన్నాడు, లారీలను మించిన గొంతుతో.

"అరవకు సేటూ. సగమున్నదని చెప్పిన కదా," అంది బసమ్మక్క.

దారి పొడుగునా నన్నే తిట్టింది. "రాళ్లుంటయంట, రాళ్లు. తిట్టుడు గూడ రానిది కిటికీలేం పెడతది?" ఆమె పక్కన నడుస్తూ ఆ తిట్లన్నీ హాయిగా విన్నాను.

తిట్టడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. కానీ వికారాబాద్ బజారులో ఎవరితో నడిచినా, తెలియకుండానే చుట్టూ తిరిగి వాళ్ల కుడివైపుకు వెళ్లిపోతాను. "ఎందుకట్ల నా చుట్టు తిరుగుతవ్?" అని మా ఆయన విసుక్కుంటాడు. అటువైపైతేనే వినిపిస్తుంది కదా అని నోటిదాకా వస్తుంది.