బండిని నిద్రపోనివ్వని ఇల్లు

కార్లకు కరెంటు పని చేసే ఆ మనిషిని వీధిలో అందరూ బొంగరం అనే పిలుస్తారు. నలభై ఆరేళ్లు వచ్చినా ఒక్కచోట నిలవడు. భోజనం కూడా నిలబడే చేస్తాడు. తమ పెళ్లిలో జనరేటర్ ఏదో మూలుగుతోందని మధ్యలో లేచి వెళ్లిపోయాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. పనిమంతుడే, కాదన్నవాడి నోరు పడిపోతుంది. పది కార్లు చూస్తే తొమ్మిదింటి రోగం నిలుచున్న పాటున చెప్పేస్తాడు. ఆ పదోది సొంత అక్క కారు కావడం అతని ఖర్మ.

బావకు మూత్రపిండాలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఉదయం ఆరింటికల్లా ఆస్పత్రిలో డయాలిసిస్‌కు ఉండాలి. అక్కే కారు నడిపి తీసుకెళ్తుంది. మూడు వారాల కిందట ఓ ఉదయం కారు కదల్లేదు. బ్యాటరీ ముసలిదైందని బొంగరం కొత్తది వేశాడు. పదిరోజులు తిరక్కుండానే అదీ చచ్చింది. ఛార్జ్ చేసి బిగించాడు. నిన్న మళ్లీ చచ్చింది. ఇంకో బండి దొరికి ఆస్పత్రికి చేరేసరికి మంచం వేరేవాళ్లకు ఇచ్చేశారు. సాయంత్రానికి బావకు కాళ్లు వాచి, ఊపిరి అందక, ఇంటిల్లిపాదికీ పైప్రాణాలు పైనే పోయాయి. రాత్రికి ఎలాగో మంచం దొరికి గండం గడిచింది. రేపు ఉదయం మళ్లీ వెళ్లాలి. బొంగరానికి ఉన్నది స్కూటరు, దాని మీద బావను కూర్చోబెట్టే రోజులు పోయాయి. ఇవాళ తేల్చకపోతే తనకు ఈ పనెందుకని మధ్యాహ్నమే వచ్చి బానెట్ ఎత్తాడు.

"ఆగి ఉన్న బండిలో ఏదో కరెంటు తాగేస్తోంది బావా. అదేదో పట్టుకుంటాను."

బ్యాటరీ తీగకు మీటరు తగిలించాడు. అయిదు ఆంపియర్లు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. పీకితే తగ్గుతుంది, తలుపు తీసి ఇంకోటి పీకేలోగా పెరుగుతుంది. పాటల పెట్టెను అనుమానించాడు, డిక్కీలో దీపాన్ని అనుమానించాడు, చివరికి బ్యాటరీ అమ్మినవాణ్ణి తిట్టాడు. కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతుంటే వరండాలో కూర్చున్న బావ ఊరుకోలేకపోయాడు.

"బామ్మర్దీ, నువ్వు తలుపు తీసినప్పుడల్లా లోపల దీపాలు వెలుగుతున్నాయోయ్. దాన్ని కాసేపు పడుకోనిస్తే కదా దొంగ దొరికేది."

ఆ మాట చురుక్కుమంది. తాళం వేశాక ఈ కాలపు కారు పూర్తిగా నిద్రపోవడానికి అరగంట పడుతుందని, అప్పటిదాకా దాన్ని ముట్టుకోకూడదని బొంగరానికి తెలియక కాదు. పదిమందికి చెప్పేది అతనే. ఆ అరగంట ఎన్నడూ కూర్చోలేదు, అంతే.

"ఆస్పత్రి మంచం మీద నేను నాలుగు గంటలు చెయ్యి కదపకుండా పడుకుంటాను. నువ్వు అరగంట కూర్చోలేవా?"

కారుకు తాళం వేసి, రిమోట్ తాళంచెవి అక్క చేతికిచ్చి, మీటరు కనబడేలా మెట్టు మీద కూలబడ్డాడు. మోకాలు దానంతటదే ఊగుతోంది. బావ చెయ్యి వేసి ఆపాడు. అయిదు మూడైంది, మూడు ఒకటైంది, అరగంటకు అంకె దాదాపు సున్నాకు దిగింది. కారులో దొంగా లేడు, దొరా లేడు. రోగం లేని బండికి వైద్యం ఎలా చేస్తాడు?

అంతలో కారు దీపాలు రెండుసార్లు మెరిశాయి. మీటరు ఎగిరి ఆరు దగ్గర కూర్చుంది. దగ్గరలో పురుగైనా లేదు. తలెత్తి చూస్తే వంటింటి కిటికీలో అక్క, చేతిలో తాళంచెవి.

"ఏం నొక్కావక్కా?"

"ఏం లేదురా. పని చేస్తోందో లేదో చూశాను."

"రాత్రిళ్లు కూడా చూస్తావా?"

అక్క వరండాలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "మొదటిసారి ఆగిపోయిన దగ్గర్నుంచి చూస్తున్నాను. అరగంటకోసారి లేస్తాను. ముందు మీ బావ ఊపిరి తీస్తున్నారో లేదో చూస్తాను. తర్వాత కిటికీలోంచి అది నొక్కుతాను. దీపాలు వెలిగితే కాసేపు ప్రాణం కుదుటపడుతుంది."

ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడే బావ, అది మాని అక్క వైపు తిరిగాడు. "నిన్ను లేపకూడదనే కదటే, రాత్రంతా బిగుసుకుని పడుకుంటున్నాను."

"అలా పడుకుంటారనే భయం," అని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బొంగరానికి దొంగ దొరికింది: నొక్కిన ప్రతిసారీ కారు మేలుకుంటోంది. రాత్రంతా తట్టి లేపుతుంటే ఏ బండి మాత్రం బతుకుతుంది? అలాగని అక్కను ఏమనగలడు? తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. "ఈ రాత్రి బావ పక్కన నేను కూర్చుంటాను. నువ్వు ఆ గదిలో పడుకో."

"నువ్వా? కూర్చుంటావా?"

కూర్చున్నాడు. తెల్లారి అయిదున్నరకు బావను మెల్లగా నడిపించి కారెక్కించాడు. అక్క ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. మళ్లీ ఛార్జ్ చేసిన బ్యాటరీ నిండుగా ఉంది, మీట నొక్కితే ఇంజన్ అందుకుంటుంది. నొక్కలేదు. గేర్ తప్పించి, చొక్కా చేతులు మడిచి, వీధి మలుపు దాకా కారును ఒంటరిగా తోశాడు.

"అయ్యో, ఇంకా బాగుపడలేదా?" అన్నాడు గేటు తీస్తున్న పొరుగింటాయన.

"బాగుపడిందండీ," అన్నాడు బొంగరం రొప్పుతూ. "కాస్త మెల్లగా మాట్లాడండి."