ఎరుపు లేని ఇల్లు

త్రినాథరావు ఇంట్లో పిల్లలు ఎర్రబట్టలు వేసుకోకూడదు. పట్టాల పక్క రైల్వే క్వార్టరులో ఉన్నప్పుడు, "ఎర్రగుడ్డ కనబడితే డ్రైవరు బండి ఆపేస్తాడు," అని పెట్టిన కట్టుబాటది. తనూ రైలు డ్రైవరే. రిటైరై, పట్టాలు కనిపించని కుదుదండ్ పేట‌లో ఇల్లు కట్టుకున్నా దాన్ని వదల్లేదు. పొద్దున్నే చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని హాల్లో పచార్లు చేస్తాడు. పుట్టినరోజున మనవరాలు లాస్య, స్నేహితురాలిచ్చిన ఎర్ర గౌనులో ఎదురొచ్చింది. "ఇక్కడ రైలేదీ తాతా?" అంది. ఆయన నడుస్తున్నవాడల్లా నిలబడిపోయాడు; కుడిచెయ్యి గాల్లో లేని బ్రేకు పిడిని తిప్పింది. లాస్య వింతగా చూసి తలుపు చాటుకు తప్పుకుంది. ఆయన కదిలాడు. మళ్ళీ ఎదురొస్తే మళ్ళీ ఆగాడు. ఆ పిల్ల లోపలికెళ్ళి, ఆకుపచ్చ గౌను వేసుకొచ్చి గుమ్మంలో నిలబడింది. "అచ్ఛా తాతా, ఇంక ఎల్లు," అంది.