లైనింగ్ గుడ్డ మూల లేపిన గాలి

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. ఇంతవరకు నన్ను విడువక నడిపించిన ప్రభువు నామానికే మహిమ కలుగును గాక. ఇది ఆయన ఎదుట రాస్తున్నాను. ఒక్క మాట కూడా కలపను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా బ్రూస్‌పేట వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, తర్వాత ప్రార్థన చేద్దాం అనేదాన్ని. చనిపోయినవాళ్లు మన మధ్య తిరగరని సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నదీ అదే. అయితే ఇందులో చనిపోయినవాళ్లెవరూ లేరు. అందుకే నాకు ఇంకా కష్టంగా ఉంది.

జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. జీన్స్ గుడ్డ మొరటుదే గానీ జేబు లోపల వేసే లైనింగ్ చాలా పల్చన. కత్తిరించిన ముక్కలు దొంతరలుగా వస్తాయి. వాటి అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. సాగకుండా, ముడత పడకుండా ఒక్కొక్క పొరా విడదీసి ఇవ్వాలి. ఆ బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్లం ఉండేవాళ్లం.

అందరిలోకీ పెద్దది సుందరమ్మక్క. మా చర్చి సంఘంలోనే సభ్యురాలు. బైబిలు వాక్యం చదివేటప్పుడు ఎవరినీ వేలు తడిచేసి పేజీ తిప్పనిచ్చేది కాదు. ఎంగిలి తగలకూడదని ఆమె పట్టుదల. మూల మీద మెల్లగా ఊది, లేచిన కాగితాన్ని పట్టుకునేది. లైనింగ్ గుడ్డనూ అట్లాగే ఊది తీసేది. ఆమె చేతిలో రెండు పొరలు కలిసి రావడం నేను చూడలేదు. నాకు మాత్రం వచ్చేవి.

"పొర మీద పొర వస్తే దాన్నే పొరపాటంటారు పాపా," అని నవ్వేది. "నీకు కండ్లు మొగంలోనే ఉండాయి, వేళ్లలోకి ఇంకా రాల్యా."

పోయిన సంవత్సరం మిషన్ వచ్చింది. దానికొక పొడవాటి చెయ్యి, ఆ చేతికి నాలుగు రబ్బరు కప్పులు. అవి గాలి పీల్చి గుడ్డను ఎత్తి, పక్క బల్ల మీద గీత తప్పకుండా పరుస్తాయి. ఐదుగురిని మానిపించి, మిషన్ చూసుకోవడానికి నన్నొక్కదాన్నే ఉంచారు. ఆ పెద్ద బల్ల దగ్గర మధ్యాహ్నం డబ్బా విప్పుకుని ఒక్కదాన్నే తినేదాన్ని. ఈరోజు నీ కూర ఏమిటని అడగడానికి కూడా మనిషి లేదు.

ఈలోగా సుందరమ్మక్కకు పక్షవాతం వచ్చిందనీ, పక్కూరు కప్పగల్లులో కొడుకింట్లో ఉందనీ తెలిసింది. నేను వెళ్లలేదు. ఆమె నిలబడిన చోట ఇప్పుడు నేను నిలబడి ఉన్నాను. ఏ మొహంతో వెళ్లాలి?

మిషన్ మాత్రం సరిగ్గా పనిచేయలేదు. పీల్చే బలం తగ్గిస్తే గుడ్డ జారిపోయేది, పెంచితే రెండు పొరలు లేచేవి. చివరికి ఓనరు ఒక శుక్రవారం తన కళ్లముందు పరీక్ష పెట్టమన్నాడు. మూడు దొంతరలు. పొరలు ఒక్కొక్కటే లేస్తే మిషన్ ఉంటుంది. లేకపోతే దాన్ని వెనక్కి పంపి, సుందరమ్మక్క కాక మిగిలిన నలుగురినీ సోమవారం నుంచి పనిలోకి పిలుస్తామన్నాడు.

ఇక్కడ నా పాపం ఒప్పుకోవాలి. ఆ ఉదయం అందరికంటే ముందు వెళ్లి, బలం పెంచే నాబ్‌ను రెండు గీతలు పైకి తిప్పాను. పొరలు రెండేసి లేవాలని, వాళ్లు తిరిగి రావాలని. ప్రార్థన చేసి మరీ తిప్పాను.

పదకొండు గంటలకు మొదలైంది. ఓనరు, బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు, నేను, అంతే. గుడ్డ కదలకూడదని ఫ్యాన్లు ఆపి కిటికీలు మూశారు. కప్పులు ఇంకా జానెడు ఎత్తులో ఉండగానే పై పొర మూల కొద్దిగా లేచింది. లేచి, వణికి, నిలిచింది. కప్పులు దాన్నొక్కదాన్నే ఎత్తుకున్నాయి. తర్వాతదీ అంతే. ప్రతిసారీ సుందరమ్మక్క నిలబడే వైపు మూలే.

ఇంజనీరు కూడా చూశాడు. గాలి గొట్టం ఎక్కడైనా లీకవుతోందేమోనని వంగి చెవి పెట్టాడు. ఒక తెల్ల దారం తీసి ఆ మూల దగ్గర పట్టుకున్నాడు. అది కదిలింది. మిషన్ పూర్తిగా ఆపించాడు. ఆపాక కూడా దారం ఇంకొకసారి కదిలింది. మీటరు చూసి, ఇంత బలానికి రెండేసి రావాల్సిందే అని కన్నడలో గొణుక్కున్నాడు. ఎవరు పెంచారని అడగలేదు.

మూడు దొంతరల్లో ఒక్క పొర కూడా జంటగా రాలేదు. మిషన్ ఉండిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి ఆటోలో కప్పగల్లు వెళ్లాను. సుందరమ్మక్క కోడలు తలుపు తీసింది. నేనేమీ చెప్పకముందే మంచం వైపు చూపించింది.

"నిన్న పదకొండప్పుడు మొదులుపెట్టిందక్కా, అన్నం యాళదాకా ఊదుతానే ఉండాది. ఎదురుగా పుస్తకమూ లేదు, ఏమీ లేదు. ఏందత్తా అని అడిగినా ఆపల్యా."

సుందరమ్మక్క పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఆమె మాట ముద్దగా వస్తుంది, సగం అర్థం కాదు. నన్ను చూసింది. తర్వాత అన్న మాట మాత్రం కోడలూ నేనూ ఇద్దరం స్పష్టంగా విన్నాం.

"ఇప్పుడు ఒగొగటే లేస్తాండాదా పాపా?"

మిషన్ వచ్చిన సంగతి ఆమెకు తెలుసు. పరీక్ష సంగతి ఆమెకు గానీ, ఆ ఇంట్లో ఇంకెవరికి గానీ తెలియదు. అడిగి మరీ తెలుసుకున్నాను. లేస్తున్నాయక్కా అన్నాను. కళ్లు మూసుకుంది. ఆ తర్వాత ఆమె మళ్లీ ఊదలేదని కోడలు చెప్పింది.

మరుసటి వారం ఇంజనీరు ఆ మూలకు ఒక సన్నని గాలి గొట్టం బిగించాడు. ఇప్పుడు అదే ఊదుతోంది. కానీ ఆ శుక్రవారం అక్కడ ఏ గొట్టమూ లేదు. ఆ మూలను లేపిందేమిటో నాకిప్పటికీ తెలియదు.

సంఘంలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నప్పుడు మూడుసార్లు లేవబోయి కూర్చున్నాను. దీన్ని స్తుతిగా చెప్పాలో, ఒప్పుకోలుగా చెప్పాలో తేలడం లేదు. నా ప్రార్థన ఆయన వినలేదా, లేక నా మోసాన్ని చూసి ఆపాడా?

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతోపాటు కళ్లు మూసుకోండి. నాతోపాటు అనండి: ప్రభువా, ఆ నలుగురికీ పని చూపించు. ఆ బల్ల దగ్గర నీ బిడ్డను ఒంటరిగా విడిచిపెట్టకు. ఆమేన్.