ఇరుకు దారిలో ఎర్ర కర్ర

మా ఆయన మంచం మీదే పోయారు, రోడ్డు మీద కాదు. పలకరించడానికి వచ్చినవాళ్ళలో చాలామంది "ఏ మలుపులోనమ్మా?" అని అడిగారు. కొండదారిలో బస్సు నడిపే మనిషి పోయాడంటే ఎవరికైనా లోయే గుర్తొస్తుంది. ఊపిరితిత్తుల జబ్బని చెబితే కొందరికి నమ్మకం కుదరలేదు. ఆ రోడ్డు ఆయన్ని తీసుకుపోబోయింది ఒక్కసారే. ఆ రోజు బస్సులో నేనూ ఉన్నాను.

ఆయన్ని అందరూ నత్త అనేవారు. ఎదుటే అనేవారు. "నత్త లోయలో పడటం ఎప్పుడైనా చూశారా?" అని ఆయనా నవ్వేవారు. బ్రేకు అరికాలికి తెలియాలని చెప్పులు విప్పేసి నడిపేవారు. ప్రతి మలుపు ముందూ హారన్ కొట్టి, తల కిటికీలోంచి బయటపెట్టి, అవతల ఏమైనా వస్తోందా అని వినేవారు. ఇంట్లోనూ అంతే. నేనేదైనా అడిగితే జవాబు వచ్చేలోపు కూర తరగడం అయిపోయేది.

మా ఊరు కొండ మీద, రేవు కింద. రెంటికీ మధ్య కొండని అడ్డంగా చెక్కి వేసిన దారి ఉంది. ఒక పక్క బండ. ఇంకో పక్క ఏమీ లేదు, ఎక్కడో కింద సముద్రం. ఎండగా ఉన్న రోజు నీళ్ళు పచ్చగా మెరుస్తూ చూడముచ్చటగా ఉంటాయి. చూసేది బస్సులో కూర్చున్నవాళ్ళే, నడిపేవాళ్ళు కాదు. ఆ దారిలో ఒక్క బండి మాత్రమే పట్టే ముక్క ఒకటుంది. దాన్ని ఇరుకు అంటారు. దానికి అటో గేటు, ఇటో గేటు. ఒక వైపు బళ్ళన్నీ వెళ్ళాకే రెండో వైపు వదులుతారు. ఫోన్లు పలకని చోటు కాబట్టి, ఆఖరి బండికి ఒక ఎర్ర కర్ర ఇస్తారు. ఆ కర్ర అవతలి గేటుకి చేరిందంటే దారి ఖాళీ అని లెక్క. కర్ర వెనక బండి ఉండకూడదు. ఎవరైనా ఆలస్యంగా వచ్చి వెనక చేరితే కర్ర వాళ్ళకి ఇచ్చేయాలి.

ఆ రోజు రేవులో ఉన్న మా అక్కని చూడ్డానికి నేను బస్సెక్కాను. క్లీనర్‌కి జ్వరం, రాలేదు. బస్సులో జనం కూడా కొద్దిమందే. ముందు సీట్లో ఒక పెద్దావిడ, ఆవిడ వెనక బట్టల మూటతో ఒక దర్జీ, ఇంకో నలుగురైదుగురు. గేటు దగ్గర మా బస్సే ఆఖరిది. కర్ర ఆయన చేతికిచ్చారు.

ఇరుకులోకి దిగి కాస్త దూరం వెళ్ళేసరికి ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. బండలో ఒకచోట బస్సు ఒదిగేంత ఖాళీ ఉంటే అందులో ఆపారు. అంతలో వెనక నుంచి పాల వ్యాను వచ్చింది. దాన్ని నడిపేది మా తమ్ముడు.

"ఇంత ఆలస్యమేంట్రా?" అన్నారు ఈయన.

"ఆవులు నన్నడిగి ఇస్తాయా బావా పాలు? గేటాయన తిట్టి వదిలాడు. నువ్వేంటి, నడిచే పని కూడా మానేశావా?"

"నోరు ముయ్యి. ఇదిగో కర్ర. నేను కదిలాక నా వెనకే రా."

నీళ్ళ ఊట బండ మలుపు అవతల ఉంది. డబ్బా ఒక చివర ఆయన, ఒక చివర నేను పట్టుకుని వెళ్ళి నింపుకొచ్చాం. వచ్చేసరికి సముద్రం మీంచి పొగమంచు ఎక్కి దారిని కప్పేసింది. బస్సు వెనక రేకు కూడా సరిగా కనిపించలేదు. నీళ్ళు పోసి, ఇంజను చల్లబడ్డాక బయల్దేరాం.

రెండు మలుపులు దాటాక ఆయన అద్దంలోకి చూసి, "వెనక మీ వాడి లైట్లు కనిపిస్తున్నాయా?" అన్నారు.

వెనక అద్దం దాకా వెళ్ళి చూశాను. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. లేవన్నాను.

పెద్దావిడ తల తిప్పింది. "పాల బండా? అది ఎప్పుడో ముందుకెళ్ళిపోయింది నాయనా. మీరు నీళ్ళకెళ్ళినప్పుడే. పాలు విరిగిపోతాయన్నాడు."

ఆయన బ్రేకు తొక్కి, హారన్ కొట్టి, తల బయటపెట్టారు. కింద నుంచి, చాలా దూరం నుంచి, లారీ ఇంజను మూలుగు వినిపించింది. కర్ర కిందకి చేరిపోయింది. అవతలి గేటు తెరిచేశారు.

"రాళ్ళ లోడు" అన్నారు ఆయన. "ఒకటి కాదు, వరసగా వస్తున్నాయి."

వాటినే ఆగమనొచ్చు కదా అన్నాను. తడి ఎగువ మీద లోడు లారీ ఆగితే వెనక్కి జారి వెనక లారీ మీద పడుతుందని, ఆగడానికి వాళ్ళకీ లేదని చెప్పారు. మాకున్నది ఒకటే దారి, ఒదిగిన చోటికి వెనక్కి ఎక్కడం.

అందర్నీ దింపి, బండని ఆనుకుని నడవమన్నారు. దర్జీ మూటలో ఎర్ర గుడ్డ ఉంటే, అది ఊపుతూ ముందుకెళ్ళి లారీలని మెల్లగా రమ్మని చెప్పమన్నారు. "ఇది ఒకళ్ళ కొలతకి తెచ్చిన గుడ్డండీ" అని నసుగుతూనే పరిగెత్తాడు. పెద్దావిడ మాత్రం దిగలేదు.

"నా మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. నువ్వు నడుపు నాయనా, నేను కూర్చుంటా."

ఆయన నా వైపు చూశారు. "బస్సు వెనకాల, చక్రం కనపడేలా నడువు. సముద్రం పక్క. రేకు మీద రెండు దెబ్బలు కొడితే వస్తాను. ఒక దెబ్బ కొడితే ఆగుతాను. నాకు నువ్వు కనపడవు."

నేను ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తి మాట్లాడిన మనిషిని కాను. మొదట రెండు దెబ్బలు కొడితే నాకే వినపడలేదు. "గట్టిగా!" అని అరిచారు. కొట్టాను. బస్సు వెనక్కి కదిలింది. చక్రం నా మోకాళ్ళకి ఎదురుగా తిరుగుతోంది. దాని అవతల గడ్డి, గడ్డి అవతల మంచు. కింద అలల చప్పుడు మాత్రం బాగా వినిపిస్తోంది.

మొదటి మలుపు దాటాం. రెండో మలుపులో అంచు మట్టి మెత్తగా ఉంది. చక్రం కింద రాయొకటి జారి కిందకి పోయింది. అది ఎక్కడైనా తగిలిన చప్పుడు కోసం విన్నాను. వినపడలేదు. ఒక్క దెబ్బ కొట్టి, "ఆపు!" అని కేక వేశాను.

బస్సు ఆగింది.

"ఎంతుంది?" లోపల్నుంచి అడిగారు.

"జానెడు."

"నిజం చెప్పు."

"బెత్తెడు."

కింద లారీ హారన్ ఇంకా దగ్గరగా మోగింది. దర్జీ మంచులోంచి పరిగెత్తుకొస్తూ, "ఆగలేనంటున్నాడు! మెల్లగా వస్తాడంట, ఆగడంట!" అని అరుస్తున్నాడు.

ఆయన స్టీరింగ్ తిప్పారు. ఎగువలో వెనక్కి కదలాలంటే ముందు ఒక ఇసుమంత కిందకి జారుతుంది బండి. జారింది. మట్టి పెళ్ళ ఊడిపోయింది. నేను కళ్ళు మూసుకోబోయాను. మూసుకుంటే దెబ్బ కొట్టేది ఎవరు? చక్రం వంకే చూస్తూ నిలబడ్డాను. అది ఒక్క క్షణం ఉన్నచోటే తిరిగి, బండ వైపుకి పట్టు దొరికించుకుంది. బెత్తెడు జానెడయింది. జానెడు మూరయింది. రెండు దెబ్బలు కొట్టాను, మళ్ళీ కొట్టాను, "రానీ, రానీ, రానీ" అంటూ గొంతు పోయేదాకా అరిచాను.

ఒదిగే చోటులోకి బస్సు తోక దూరింది, తర్వాత నడుము, ఆఖర్న ముక్కు. అంతలోనే లారీ లైట్లు పసుప్పచ్చగా మంచులో వెలిగాయి. మా అద్దాన్ని గీసుకుంటూ మొదటిది పోయింది. దాని డ్రైవర్ ఏదో తిట్టాడు, వినలేదు. ఆ వెనక ఇంకో రెండు.

ఆయన స్టీరింగ్ వదల్లేదు. నేను ఎక్కి పక్కన నిలబడితే, నా మొహం చూసి, "ఆపు అన్నావే నన్ను" అన్నారు. "మీరు, గీరు ఏమీ లేకుండా."

నాకు ఏడుపొచ్చింది. పెద్దావిడ, "ఇంకా నయం, ఆపరా అనలేదు" అంది.

కర్ర లేకుండా కదలకూడదు కాబట్టి అక్కడే కూర్చున్నాం. చాలాసేపటికి మంచులోంచి మా తమ్ముడు నడిచొచ్చాడు, రెండు చేతులతో కర్ర పట్టుకుని. రోజూ ఆఖరి బండి వాడిదే. రోజూ లాగే కర్ర సీటు కింద పెట్టుకుని, రోజూ లాగే గేటులో ఇచ్చేశాడు. లారీలు కదిలాక, బస్సేదని ఎవరో అడిగితే అప్పుడు గుర్తొచ్చింది. ఆఖరి లారీని ఆపించి, దానికివ్వబోయిన కర్ర లాక్కుని ఎగువంతా పరిగెత్తాడట.

"బావా, కొట్టు నన్ను."

"కొడితే నా చెయ్యి నొప్పెడుతుంది. ఇంకా నడపాలి" అన్నారు ఆయన. "నీ ఒక్కడిదే కాదు తప్పు. నా బస్సు కదలకముందే కర్ర నీ చేతిలో పెట్టేశాను. ఎక్కు."

వాడు సీట్లో కూర్చోలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు. రేవులో దిగాక మా అక్క ఎలా వచ్చావే అంటే, బస్సులో వచ్చానన్నాను.

సాయంత్రం అదే బస్సులో ఇంటికొచ్చేశాను. మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ బస్సు తీశారు. వెళ్ళొద్దని నోటిదాకా వచ్చింది. అన్నేళ్ళు ఆయన్ని పంపించి తలుపేసుకుని పనిలో పడేదాన్ని. ఆ రోజు హారన్ చప్పుడు కొండ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన పని చేసినన్నాళ్ళూ నిలబడ్డాను.